ఒక్క గెడ తక్కువ

మా మావయ్య పోయారని నాకు తంతి రాలేదు, ఉత్తరమూ రాలేదు. మంగళవారం బడి వదిలాక తాడేపల్లిగూడెం చేపల బజారు మీదుగా ఇంటికి వస్తుంటే, మా లంక నుంచి బుట్టలు తెచ్చి అమ్ముకునే ఆవిడ నన్ను చూసి కుప్పలు పెట్టడం ఆపేసింది. "మీకింకా తెలీదా అమ్మగారూ? ఆదివారం పొద్దున్నేనండి. రేవులో పడవలో కూచునే పోయారు" అంది. మళ్ళీ వంగి, ఎదురుగా నిలబడ్డ మనిషికి జెల్ల చేపలు ఏరి ఇచ్చింది. అప్పటికి ఆయన్ని దహనం చేసి రెండు రోజులైంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కబురెందుకు పంపలేదని ఆవిడ మీద కేకలేశాను. పంపుదామంటే అత్తయ్యగారే వద్దన్నారండి, అని మెల్లగా చెప్పింది.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. బడిలో పిల్లలు దానికి ఏదో పేరు కూడా పెట్టారని విన్నాను. మావయ్యకి మాత్రం కోపం తెలియదు. ఆయన మా అమ్మకి అన్నగారు. కొల్లేటి మధ్య మా లంకలో, అంటే చుట్టూ నీళ్ళున్న మిట్ట మీద పాతిక ఇళ్ళ ఊళ్ళో, ఆయన పెద్ద. ఎవరూ పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. ఆ పెద్దరికం ఊడిపోయాక కూడా అలాగే అన్నారు. అందుకని నేనూ ఆయన పేరు రాయను. ఆయన్ని నమ్మించి నట్టేట ముంచిన మనిషి పేరు కూడా రాయను. రాస్తే నా చేతికి హాయిగానే ఉంటుంది గాని ఆయన ఒప్పుకోరు.

మా నాన్న నా ఆరో ఏట పోయారు. అక్షరం ముక్క రాని మావయ్యే నన్ను ఏలూరు తీసుకెళ్ళి బళ్ళో వేశారు, ఆ తర్వాత టీచరు ట్రైనింగు చదివించారు. ఆడపిల్ల వల అల్లడం మానేసి పలకా బలపం పట్టుకుంటే ఊరికి ఏం ఒరుగుతుందని నలుగురూ అన్నారు. కాగితం వచ్చినప్పుడల్లా కరణం గారి గుమ్మంలో నిలబడక్కర్లేదు, అదే ఒరిగేది, అన్నారాయన. మంచి చేప పడితే నడుం ముక్క వచ్చినవాళ్ళకి వేసి, తను తలకాయ తినేవారు. గొడుగు ఎప్పుడూ చంకలో ఉండేది, వాన పడితే తెరిచేవారు కాదు. తడవడానికి భయపడేవాడు కొల్లేట్లో ఎందుకుండాలీ అని అడిగేవారు. మరి గొడుగెందుకండీ అంటే, భీమడోలు వెళితే చేతిలో ఏదో ఒకటి ఉంటే మర్యాదగా ఉంటుంది కదా అనేవారు.

భీమడోలు స్టేషన్లో వారానికోసారి పేపరు కొనేవారు. ఎవరి చేతా చదివించుకునేవారు కాదు, నాకోసం దాచేవారు. సెలవుకి నేను వెళ్ళేసరికి పడవ చివర గోనెపట్టా కింద నాలుగైదు పేపర్లు ఉండేవి. పాతబడిన వార్తల్ని కథల్లా వినేవారు. ఒక వార్త అయిపోయిందని నేను ఆపగానే "తర్వాత?" అనేవారు. తర్వాత ఏం లేదు మావయ్యా, అంతే రాశారు అంటే నమ్మేవారు కాదు.

ఇక్కడ మా రేవు సంగతి ఒకటి చెప్పాలి. మా లంకలో ఇంటికొక పడవ, పడవకొక గెడ. పడవని తోసే వెదురు అది. ఏదైనా విషయంలో ఊరు రెండుగా చీలితే నోటితో తేల్చుకోవడం మా పద్ధతి కాదు. అందరూ రేవులోకి దిగుతారు. పెద్ద తన గెడని మధ్యలో, మోకాలి లోతు నీళ్ళలో పాతుతాడు. అవునన్న ఇల్లు దానికి తూర్పున పాతుతుంది, కాదన్న ఇల్లు పడమట. పొద్దుగూకేదాకా పాతిన గెడ ఎవరూ పీకకూడదు. పొద్దుగూకాక లెక్క. రెండు వైపులా సమానమైతే మధ్య గెడ వాడి మాట చెల్లుతుంది. ఇంట్లో మగవాడు లేకపోతే ఆడమనిషే పాతుతుంది. మా అమ్మ పాతేది. ఆవిడ పోయాక ఆ ఇంటికి మిగిలింది నేనే.

పైవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. బయటి మనిషెవరైనా ఊరికి మాటిస్తే రేవులో తూర్పు వైపు ఒక గెడ పాతాలి. మాట నెరవేరిన రోజున అతనే వచ్చి పీక్కోవాలి, ఇంకెవరూ ముట్టుకోరు. ఆకివీడు నుంచి వచ్చిన వడ్రంగి ఒకడు పడవ చేసిస్తానని గెడ పాతి వెళ్ళాడు. ఆరు నెలలు పత్తా లేడు. ఊళ్ళో అందరూ అతన్ని తిట్టారు, మావయ్య తప్ప. ఏడో నెలలో పడవ తోసుకుంటూ వచ్చాడు. భోజనం కూడా చెయ్యకుండా ముందు రేవులోకి దిగి గెడ పీకి ఒడ్డున పెట్టాడు. చూశారా, మనిషి మరిచిపోయినా గెడ మరిచిపోనివ్వదు, అన్నారు మావయ్య.

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా లంక ముందున్న మడుగులో మా వాళ్ళు తరతరాలుగా వలలు వేసుకుంటున్నారు. దాన్ని వేలం పాటకి పెడతారని పుకారు పుట్టింది. పాట పైవాడు పాడుకుంటే మా గుమ్మం ముందు నీళ్ళలో మేమే వాడి దగ్గర కూలికి వల లాగాలి. మావయ్య ఊరంతటి చేతా ఒక సంఘం పెట్టించారు. మడుగు పాట లేకుండా సంఘానికే ఇవ్వాలని అర్జీ రాసింది నేను. ఏలూరులో ఒక మంత్రి గారు దాన్ని చదివి, సమావేశాలు కాగానే సంతకం పెడతానన్నారు. ఆ మనిషి మాట మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. ఆయన పెట్టేవారే.

అలాంటి సమయంలో పేపర్లో గవర్నమెంటు మీద అవిశ్వాస తీర్మానం అని వచ్చింది. కల్లు నిషేధం మీద రేగిన గొడవ అది. నేను చదివాను. మావయ్య పడవ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తున్నారు.

"అంటే ఏంటే అమ్మాయ్?"

పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. ముఖ్యమంత్రిని మనం నేరుగా ఎన్నుకోం. మనం సభ్యుల్ని పంపుతాం. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది నమ్మకం ఉందన్నంతకాలమే ఆయన ఆ కుర్చీలో ఉంటాడు. లేదనుకున్నవాళ్ళు తీర్మానం పెడతారు. అందరూ అటో ఇటో ఓటేస్తారు. లేదన్నవాళ్ళు ఒక్కరు ఎక్కువైనా చాలు, గవర్నమెంటు పడిపోతుంది. సమానమైతే స్పీకరు గారి ఓటు.

"మన రేవే!" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అది సరేగానీ, ఓడిపోయినాయన్ని కుర్చీలోంచి ఎవరు లేవదీస్తారు? పోలీసులా?"

"ఎవరూ లేవదీయరు మావయ్యా. ఆయనే లేవాలి."

"లేవనంటే?"

"అనడానికి వీల్లేదు. అదే రూలు."

ఆయన నీళ్ళలో కాళ్ళు ఆడించడం ఆపేశారు. జీపులూ తుపాకులూ ఉన్న గవర్నమెంటు నలుగురు చేతులెత్తితే దిగిపోతుందన్న సంగతి ఆయనకి ఎంత నచ్చిందో నేను చెప్పలేను. మంచి రూలేనే, అన్నారు. తర్వాత రెండు మూడు రోజులు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ రూలు ఆయనకి నేర్పినది నేనే.

మా అర్జీ ఆ గవర్నమెంటు నిలబడితేనే నిలబడుతుంది. గవర్నమెంటు వైపు కూర్చునే సభ్యుల్లో ఒకాయన మాకు తెలిసినవాడు, ఏ నియోజకవర్గమో చెప్పను. ఎన్నికలప్పుడు మావయ్య లంక లంకకీ పడవలు తోయించి ఆయన్ని గెలిపించారు. పెద్దపండగలాంటి ఊరేగింపు చేశారు. ఆ సభ్యుడు దసరా వెళ్ళాక మా ఊరు వచ్చాడు. మావయ్య చేతులు కట్టుకుని, మీ ఓటు గవర్నమెంటు వైపే వేస్తారు కదండీ అని అడిగారు. అదేం ప్రశ్నండీ, ప్రాణం పోయినా ఇటే, అన్నాడాయన. అయితే గెడ పాతండి అన్నారు మావయ్య. ఆయన నవ్వాడు. జోళ్ళు వెంట వచ్చినవాడి చేతికిచ్చి, పంచె పైకి దోపుకుని, నీళ్ళలోకి దిగి పాతాడు. ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కర్నూలుకి ఆయన వెంట ఒక మనిషిని పంపమని ఊళ్ళో పెద్దవాళ్ళు గట్టిగా చెప్పారు. రాజకీయం మనిషండీ, గోడ మీద పిల్లి, రైలెక్కించి సభ గుమ్మం దాకా దిగబెట్టి రావాలి అన్నారు. మావయ్య ససేమిరా అన్నారు. గెడ పాతిన మనిషి వెంట కాపలా పంపితే మన గెడని మనమే నమ్మనట్టు, అన్నారు. ఎంత తెలివైన మనిషైనా తను పుట్టిన రేవు లోతునే అన్ని నీళ్ళకీ కొలత అనుకుంటాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

సభలో ఓటింగు జరిగే రోజు పొద్దున నేను తాడేపల్లిగూడెంలో బడికి వెళుతున్నాను. అప్పటికి అక్కడ ఎయిడెడ్ బళ్ళో టెంపరరీ టీచర్ని. ఆ బడిని నడిపే కరస్పాండెంటు గారు ఆ సభ్యుడికి బావమరిది. ఆ బావమరిది రైసు మిల్లు అరుగు మీద పడక కుర్చీలో ఎవరో కూర్చుని కాఫీ తాగుతున్నారు. చూస్తే ఆ సభ్యుడే! కర్నూల్లో ఉండాల్సిన మనిషి. నన్ను గుర్తుపట్టాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి, చెమటలు పట్టే ఆ ఎండలో, పక్కనున్న శాలువా తీసి చెవుల మీదుగా కప్పుకున్నాడు. జ్వరమట.

మర్నాడు పేపర్లో గవర్నమెంటు పడిపోయిందని పెద్ద అక్షరాలతో వచ్చింది. ఒక్క ఓటు తేడా. ఆయన వెళ్ళి ఉంటే సమానమయ్యేది, సమానమైతే స్పీకరు గారు ఎటు వేసేవారో ఎవరికీ అనుమానం లేదు. బళ్ళో ఆ రోజు ఏం పాఠం చెప్పానో నాకు తెలియదు. ఆదివారం మా ఊరు వెళ్ళి, రేవులో అందరి ముందూ, ఎవరి కాఫీ ఎవరు తాగుతున్నారో, ఏ శాలువా ఎలా కప్పుకున్నారో చెప్పాను. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఆయన వంశాన్నంతా తిట్టాను. మావయ్య నా తిట్లన్నీ విని, ఆ సభ్యుడు పాతిన గెడ వంక చూస్తూ, "తర్వాత?" అన్నారు.

తర్వాత జరిగింది అందరూ ఊహించగలరు. గవర్నరు గారి పాలన వచ్చింది. మా ఫైలు కట్టేసి ఎక్కడో పెట్టేశారు. మడుగు పాటకి వెళ్ళింది. పాడుకున్నవాడు ఆ బావమరిదికి వేలు విడిచిన చుట్టం. జ్వరం ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది మాకు. ఊరు గొణగడం మొదలెట్టింది. మనిషిని పంపమంటే పంపలేదు, పెద్దాయన పట్టుదలకి మన నీళ్ళు పోయాయి, అని. ఎదురుగా ఎవరూ అనలేదు. మా లంకలో పెద్దరికమంటే చచ్చేదాకా ఉండేది, మధ్యలో దిగిపోవడమన్న మాట ఎవరూ విననే లేదు. అందుకని ఆయన చాటున అనేవారు.

ఆయనే పిలిచారు ఊరిని. అంతటి ముఖ్యమంత్రి గారే లేచి వెళ్ళిపోయారు, నేనెంత? నా మీద నమ్మకం ఉందో లేదో గెడలు పాతి తేల్చండి, అన్నారు. వద్దన్నారు జనం. పట్టుబట్టారు. వచ్చే ఆదివారం అని ముహూర్తం పెట్టి, నాకు కబురు చేశారు, మా ఇంటి గెడ నేనే కదా పాతాలి.

శుక్రవారం సాయంత్రం కరస్పాండెంటు గారు నన్ను మిల్లుకి పిలిపించారు. కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. మెత్తటి మనిషి, తడిగుడ్డతో గొంతు కోసే రకం. మీ పర్మనెంటు కాగితాలు పైవారం వెళుతున్నాయమ్మా అన్నారు. మీ మావయ్య గారంటే మాకూ గౌరవమేనండీ అన్నారు. ఆయన పెద్దరికంలో ఉన్నంతకాలం ఆ పాటదారుతో ఊరికి రాజీ కుదరదట, అందరికీ నష్టమట. నేను కాఫీ తాగుతూ విన్నాను. అప్పుడు ఆయన నా వైపు కొంచెం వంగి ఒక మాట అన్నారు.

"ఆయనకి ఎదురు పాతమని మేం అనట్లేదమ్మా. అసలు వెళ్ళొద్దంటున్నాం, అంతేనండి."

అంతేనండి! అదెంత చిన్న పనిగా వినిపించిందో ఆ గదిలో. లేచి ఆ కాఫీ ఆయన పంచె మీద పొయ్యాల్సింది. నా నోరు సంగతి తెలిసినవాళ్ళెవరైనా పోశాననే అనుకుంటారు. నేను గ్లాసు ఖాళీ చేసి, వస్తానండీ అని చెప్పి బయటికొచ్చాను. పోస్టాఫీసు మూయకముందే కార్డు రాసి డబ్బాలో వేశాను. జ్వరంగా ఉంది మావయ్యా, ఆదివారం రాలేను. ఇంకో అబద్ధం కూడా దొరకలేదు నాకు. నెలరోజులుగా ఊరూవాడా ఏ జ్వరాన్ని తిడుతూ తిరిగానో ఆ జ్వరమే నాకూ తగులుకుంది.

ఆ ఆదివారం నేను గూడెంలో గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. రేవులో ఏం జరిగిందో ఆ చేపలమ్మే ఆవిడ తర్వాత చెప్పింది. మావయ్య మధ్యలో గెడ పాతి పక్కన నిలబడ్డారు. పొద్దెక్కేసరికి తూర్పున పదకొండు, పడమట పన్నెండు అయ్యాయి. ఇంకొక్క ఇల్లు మిగిలింది. అది పాతితే సమానం, సమానమైతే ఆయన మాటే చెల్లుతుంది. తూర్పు వరస చివర కాలితో బురద తొక్కి, ఇది మా చెల్లెలింటి చోటు, ఎవరూ పాతకండి, అన్నారట. శనివారమే కార్డు వచ్చింది కదండీ, జ్వరమని రాసింది కదా, ఇక లెక్కపెట్టేద్దాం అన్నారు జనం.

"జ్వరమైతే రాదు. కాకపోతే వస్తుంది. పొద్దుందిగా" అన్నారట ఆయన.

భీమడోలు వైపు నుంచి ఏ పడవ కనబడినా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి చూశారట. మూడు పడవలొచ్చాయట. ఒకదాంట్లో కిక్కిస గడ్డి కట్టలు, ఒకదాంట్లో పెళ్ళివాళ్ళు, ఒకటి ఖాళీ. పొద్దుగూకింది. ఎవరూ ఏమీ అనకముందే ఆయన తన గెడ పీకి భుజాన పెట్టుకుని, మధ్య చోటు రాబోయే కొత్త పెద్దకి వదిలి, ఒడ్డెక్కి అందరి వెనకాల నిలబడ్డారట. పడమట పాతినవాళ్ళే ముందు ఏడిచారట.

మంగళవారం ఆ చేపలావిడ బుట్టలో నాకొక చిన్న మూట వచ్చింది. అందులో శొంఠి, మిరియాలు ఉన్నాయి. జ్వరం తగ్గేదాకా చన్నీళ్ళు పోసుకోవద్దని చెప్పమన్నారట. ఆ మూట విప్పి నేను ఏడ్చినంత మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆయన నమ్మి పంపారో, తెలిసి పంపారో నాకు అంతుపట్టలేదు. అడిగే మొహమూ లేదు.

నా ఉద్యోగం పర్మనెంటయింది. రెండు నెలలాగి ఊరెళ్ళాను. మావయ్య నాకు కొరమీను నడుం ముక్క వేసి, తను తలకాయ వేసుకున్నారు. ఉద్యోగం ఖాయమైందా అని అడిగారు. అయిందన్నాను. మంచిదే, అన్నారు. అంతకుమించి ఆ రోజూ అడగలేదు, ఈ నాలుగేళ్ళలో ఏ రోజూ అడగలేదు. పేపర్లు మటుకు దాచి ఉంచేవారు. ఆ సభ్యుడు మళ్ళీ నిలబడి మళ్ళీ గెలిచిన వార్త కూడా నా చేతే చదివించుకున్నారు. తేలు కుట్టిన దొంగలాగా చదివాను. ఒకసారి నా ఎదుటే మా అత్తయ్య ఆ రోజు పడమట పాతిన ఒకాయన్ని ఏదో అంది. మావయ్య వెంటనే ఆపారు.

"వాళ్ళని అనకే. వాళ్ళు వచ్చారు" అన్నారు.

నా వైపు చూడలేదు. అంతకంటే చూసి తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను ఊరికి వెళ్ళడం తగ్గించాను. బడిలో పనుందని రాసేదాన్ని. పని ఉండేది కూడా.

బుధవారం పొద్దున పాసింజరు పట్టుకుని భీమడోల్లో దిగి, పడవెక్కి వెళ్ళాను. మా లంక ముందు మడుగులో పాటదారు వలలు ఉన్నాయి, మా వాళ్ళు కూలికి లాగుతున్నారు. అత్తయ్య నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది. కబురెందుకు వద్దన్నావు అత్తయ్యా అని అడిగాను. అడిగేటప్పుడు కూడా నా గొంతులో కోపమే ఉంది, సిగ్గు లేకుండా.

"నేను కాదే, ఆయనే చెప్పాడు, పోయిన నెల ఒంట్లో బాగోనప్పుడు. నాకేమైనా అయితే దానికి వెంటనే కబురు పెట్టకండి, సెలవు కోసం ఆ మిల్లాయన్ని అడుక్కోవాలి పాపం, ఒకసారి ఆయన దగ్గర కూర్చుని వచ్చింది చాలు, అన్నాడు."

అయితే ఆయనకి తెలుసు. మిల్లు గది సంగతి, కాఫీ సంగతి అన్నీ తెలుసు. ఎవరు చెప్పారో ఏమో, గూడెం బజారుకి బుట్టలు తీసుకెళ్ళేవాళ్ళకి తెలియనిదేముంటుంది? తెలిసే శొంఠి పంపారు. నాలుగేళ్ళు నా పళ్ళెంలో నడుం ముక్క వేశారు, నా అబద్ధం నాకే దాచి పెట్టారు. ఆయన నన్ను క్షమించారని చదివేవాళ్ళు అనుకోవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. ఆయన నన్ను అడగలేదు, అంతే. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

అత్తయ్య చూరులోంచి ఒక గెడ తీసి నా చేతికిచ్చింది. మా ఇంటిది. పాతది పుచ్చిపోతే కిందటేడు మావయ్య కొత్త వెదురు తెచ్చి కణుపులు చెక్కి, ఏటా చమురు రాసినట్టే రాసి పెట్టారట. మధ్యలో పాతే ఆయన సొంత గెడ ఏదీ అని అడిగాను. పాడెకి వాడేశారమ్మా అంది. మా వాళ్ళలో ఎవరి గెడ వాళ్ళతోనే పోతుంది, ఆ మాట నాకు గుర్తులేక అడిగాను.

రేవులోకి దిగాను. ఆ రోజు ఆయన కాలితో తొక్కి ఉంచిన చోటు ఎక్కడో అత్తయ్య ఒడ్డు మీంచి చెప్పింది. అక్కడ నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని పాతాను. బురద సుళువుగానే పట్టుకుంది. ఒడ్డున అత్తయ్య తప్ప ఎవరూ లేరు, లెక్కపెట్టేవాళ్ళు లేరు. నాకు పడమట వైపు, ఆయన నిలబడే చోట నీళ్ళే ఉన్నాయి. తూర్పు వైపు బారెడు దూరంలో ఆ సభ్యుడి గెడ ఇంకా అలాగే ఉంది. ఆయన వచ్చి పీకాలి, రాడు. ఇంకెవరూ ముట్టుకోరు. నాచు పట్టి నల్లబడింది.

పొద్దు వాలాక పడవెక్కి వస్తూ వెనక్కి తిరిగి చూశాను. రేవులో రెండు గెడలే ఉన్నాయి, పక్కపక్కన. నీటికాకి ఒకటి ఒకదాని మీంచి లేచి, కాసేపు నీళ్ళ మీద తిరిగి, రెండోదాని మీద వాలి రెక్కలు ఆరబెట్టుకుంది. అంత దూరం నుంచి ఏది ఆ సభ్యుడిదో, ఏది నాదో నాకే తెలియలేదు.